జెడ్ రోజూ కిందికి దిగిపోతోంది, ఒక్క అలారం కూడా రావట్లేదు

బాలానగర్_సెట్టర్
మూడు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు. మా షాపులో తొమ్మిదేళ్ల వీఎంసీ (నిలువు స్పిండిల్ ఉన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్) ఒకటి ఉంది. జెడ్ (హెడ్ పైకీ కిందికీ కదిలే దిశ) ట్రావెల్ 500, బాల్ స్క్రూ పిచ్ 10, కొలతలన్నీ మి.మీ.లో. సర్వో మోటారు పైన నేరుగా కప్లింగ్‌తో ఉంటుంది, బెల్టు లేదు. దాని మీద అల్యూమినియం హౌసింగ్ జాబ్ నడుస్తోంది. పాకెట్ లోతు 18.00, టాలరెన్స్ ±0.05. పొద్దున మొదటి పీస్ 18.01 వస్తుంది. భోజనాల వేళకి 18.06. షిఫ్ట్ దిగేసరికి 18.13, 18.14. స్క్రీన్ మీద జెడ్ రీడింగ్ మాత్రం ఉండాల్సిన చోటే ఉంటుంది.

ఇప్పటికి 11 హౌసింగ్‌లు స్క్రాప్ అయ్యాయి. ఆపరేటర్ ఆఫ్‌సెట్ (టూల్ పొడవు కోసం మెషిన్‌లో వేసే అంకె) తప్పు కొడుతున్నాడని ఓనర్ అతని జీతంలో కోత పెట్టారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడు, పని నేర్పింది నేనే. వాడి తప్పు లేదని నాకు తెలుసు, కానీ చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. కట్టర్ మార్చాం, కాలెట్ (కట్టర్‌ని బిగించి పట్టుకునేది) మార్చాం, వైస్ విప్పి డయల్ గేజ్‌తో మళ్లీ సరిచూసి బిగించాం. చూడ్డానికి వచ్చిన సర్వీసు మనిషి మోటారూ, అది ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడరూ రెండూ మార్చాలన్నాడు. అంత ఖర్చు పెట్టాక కూడా తగ్గకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఆటోనగర్_రాజు
కట్టర్ కాలెట్‌లోంచి కిందికి జారుతోంది అన్నా. అల్యూమినియంలో హెలిక్స్ ఎక్కువున్న ఎండ్ మిల్ వాడితే కటింగ్ ఫోర్స్ దాన్ని కిందికి లాగుతుంది, లోతు పెరుగుతూ పోతుంది. మా దగ్గర విజయవాడలో రెండుసార్లు చూశాను. కాలెట్ కొత్తదైనా నట్ లోపల చిప్ ఇరుక్కుంటే పట్టు ఉండదు. కాలెట్ ముఖం దగ్గర కట్టర్ షాంక్ చుట్టూ పర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి షిఫ్ట్ అంతా నడపండి. గీత కిందికి దిగితే దొంగ దొరికినట్టే.

మిషిగన్_మెషినిస్ట్
రాజు గారి మాటకు నా ఓటు. ఇక్కడ మా షాపులో టైటానియం రఫింగ్‌లో కట్టర్ అలాగే బయటికి వచ్చి పార్టులోకి దిగింది. ఆ తర్వాత రఫింగ్‌కి సైడ్ స్క్రూ ఉన్న హోల్డర్లే వాడుతున్నాం. అలాగే స్పిండిల్ పుల్ ఫోర్స్ (హోల్డర్‌ని లోపలికి లాగి పట్టే బలం) కూడా కొలిపించండి. లోపలి డిస్క్ స్ప్రింగులు విరిగితే హోల్డర్ టేపర్‌లో గట్టిగా కూర్చోదు.

ప్రోగ్రామర్_కిట్టు
ఇంత ఆలోచన దేనికి? కంట్రోలర్ ఫానుక్ అయితే 1851 పారామీటర్‌లో జెడ్ బ్యాక్‌లాష్ పెంచండి, సెట్ అయిపోతుంది. నేను ఎప్పుడూ అదే చేస్తాను.

సర్వో_సుధ
కిట్టు గారూ, అది ముట్టుకోవద్దు. బ్యాక్‌లాష్ అంటే దిశ మారినప్పుడు వచ్చే ఖాళీ. 0.02 ఖాళీ ఉంటే పొద్దునా 0.02, సాయంత్రమూ 0.02. గంట గంటకూ పోగుపడదు. పైగా జెడ్‌లో హెడ్ బరువు ఎప్పుడూ కిందికే లాగుతుంది కాబట్టి నట్టు ఒకే వైపు ఆనుకుని ఉంటుంది, ఎక్స్, వైలలో కనిపించినంతగా బ్యాక్‌లాష్ కూడా కనపడదు. ఈయన చెప్పింది పోగుపడే తేడా. ఆ పారామీటర్ కదిపితే ఉన్న తప్పు అలాగే ఉండి ఇంకో తప్పు కలుస్తుంది.

పదకొండేళ్లుగా సర్వీసులోనే ఉన్నాను, ఇప్పుడు బెంగళూరు పీణ్యలో. ముందు నాకు రెండు విషయాలు చెప్పండి. ఒకటి, పొద్దున మొదటి పీస్ 18.01 అన్నారు కదా, అది టూల్‌కి కొత్తగా టచ్ తీసుకున్నాకా (టూల్ కొన తాకించి ఆఫ్‌సెట్ మళ్లీ పెట్టాకా), తీసుకోక ముందా? రెండు, ఎండ్ మిల్ ఒక్కటే లోతుగా పోతోందా, మిగతా టూల్సూ అంతేనా?

వైజాగ్_ఫిట్టర్
నాకు ఇది వేడి లాగే ఉంది. లెక్క చూడండి. ఉక్కు ఒక మీటరుకి ఒక డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. అర మీటరు స్క్రూ 10 డిగ్రీలు వేడెక్కితే 0.06. స్క్రూని పైన మోటారు వైపు బేరింగులే బిగించి పట్టుకుంటాయి కాబట్టి సాగేది కిందికే, హెడ్ కిందికే దిగుతుంది. దానికి స్పిండిల్ సాగడం కలపండి. 0.10 దాటడం పెద్ద కష్టం కాదు. మే నెల, రేకుల షెడ్డు. ఇంకేం కావాలి?

బాలానగర్_సెట్టర్
సుధ గారూ, రోజూ పొద్దున అన్ని టూల్సూ టచ్ తీసుకున్నాకే మొదలుపెడతాం. మీరు అడిగేదాకా దాని గురించి ఆలోచించలేదు. రెండోదానికి రేపు కొలిచి చెబుతాను.
ఫిట్టర్ గారూ, షెడ్డు రేకులదే. నాకూ మొదట వేడి మీదే అనుమానం వచ్చింది.

సర్వో_సుధ
అయితే "పొద్దున బాగుంటుంది" అన్న మాట పక్కన పెడదాం. అది మెషిన్ తనంతట తాను వెనక్కి రావడం కాదు, మీరు రోజూ సరిచేసి పెడుతున్నారు.

రేపు పొద్దున టచ్ తీసుకోకుండా, నిన్నటి ఆఫ్‌సెట్‌తోనే ఒక పీస్ కొట్టండి, స్క్రాప్ మెటల్ మీద కొట్టినా చాలు. వేడి వల్లయితే రాత్రంతా చల్లారింది కాబట్టి దాదాపు నిన్న పొద్దుటి కొలత రావాలి. నిన్న సాయంత్రం ఉన్న చోటే ఉంటే వేడి కాదు, ఎక్కడో ఏదో నిజంగా జారింది. ఫిట్టర్ గారికీ నాకూ ఈ ఒక్క పీసే తీర్పు చెబుతుంది.

వైజాగ్_ఫిట్టర్
ఒప్పుకున్నాను.

ఐటీఐ_కుర్రాడు
బ్యాటరీ అయిపోయి ఉండొచ్చా? ఎన్‌కోడర్ బ్యాటరీ వీక్ అయితే పొజిషన్ పోతుందని మా సార్ చెప్పారు.

సర్వో_సుధ
మంచి ప్రశ్నే తమ్ముడూ. బ్యాటరీ చచ్చిపోతే పొజిషన్ మొత్తం పోతుంది, రిఫరెన్స్ మళ్లీ సెట్ చేయమని అలారం వస్తుంది. కొంచెం కొంచెంగా 0.1 చొప్పున పోదు. నువ్వు ఎప్పుడైనా ఆ బ్యాటరీ మార్చాల్సి వస్తే మెషిన్ ఆన్‌లో ఉంచి మార్చు. ఆఫ్ చేసి తీసేసి పొజిషన్ పోగొట్టుకున్న షాపులకు నేనే ఎన్నిసార్లో వెళ్లాను.

ఖమ్మం_చెక్కడం
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నాది చెక్క రౌటర్, తలుపుల మీద లతలూ నెమళ్లూ చెక్కుతాను. స్టెప్పర్ మోటార్లు, ఒక్కో పల్స్‌కి ఒక్కో స్టెప్ తిరిగేవి. నాకూ జెడ్ సమస్యే. పని మొదట్లో సరిగ్గా ఉంటుంది, మూడు గంటలయ్యాక తలుపు పై భాగంలో లోతు మారిపోయి ఉంటుంది. మోటారు పెద్దది వేశాను, అయినా అంతే. ఇదీ అదే జబ్బా?

సర్వో_సుధ
లక్షణం ఒకటే, జబ్బు వేరే. మీ పనిలో జెడ్ పైకీ కిందికీ ఎన్నిసార్లు తిరుగుతుంది? సాదా పాకెట్ కొడితే తేడా వస్తుందా?

ఖమ్మం_చెక్కడం
సాదా పని అయితే రాదు మేడం. నెమలి పింఛం లాంటివి చెక్కినప్పుడే.

సర్వో_సుధ
అయితే పల్స్ పోలారిటీ చూడండి. దిశ సిగ్నల్ ముందు మారాలి, కాస్త ఆగి స్టెప్ పల్స్ రావాలి. స్టెప్ సిగ్నల్ తిరగేసి సెట్ చేస్తే డ్రైవర్ తప్పు అంచు మీద లెక్కపెడుతుంది, దిశ మారేటప్పుడు ఒక్కో మైక్రోస్టెప్ ఎగిరిపోతూ ఉంటుంది. మోటారుకి రౌండుకి 200 స్టెప్పులు, 8 మైక్రోస్టెప్పులు, స్క్రూ పిచ్ 5 అనుకుందాం. ఒక మైక్రోస్టెప్ 5/1600, అంటే 0.003. కంటికి ఆనదు. కానీ నాలుగు వందల స్టెప్పులు పోతే 1.25 మి.మీ. పింఛంలో అన్ని తిరుగుళ్లు ఒక్క ఈకలోనే ఉంటాయి. పెద్ద మోటారు దీన్ని ఆపలేదు. సాఫ్ట్‌వేర్‌లో స్టెప్ పిన్ సెట్టింగ్‌ని 'యాక్టివ్ హై' నుంచి 'యాక్టివ్ లో (low)'కి, లేదా దాని నుంచి దీనికి మార్చి, 200 సార్లు పైకీ కిందికీ 2 మి.మీ. తిప్పే చిన్న ప్రోగ్రామ్ నడిపి డయల్ చూడండి.

టూల్‌రూమ్_తాత
నేను లేటుగా చూశాను. సెట్టర్ బాబూ, ఒక మాట అడుగుతాను. ఈ మధ్య టూల్ మారేటప్పుడు ఏమైనా శబ్దం వస్తోందా? చేయి వచ్చి హోల్డర్ పట్టుకునేటప్పుడు టక్ మని?

బాలానగర్_సెట్టర్
తాత గారూ, మీకెలా తెలిసింది? పది రోజుల నుంచి వస్తోంది. ఏటీసీ (టూల్స్‌ని తనంతట తాను మార్చే భాగం) పాతబడిందనుకున్నాం.

టూల్‌రూమ్_తాత
ఏటీసీ చేయి ఎత్తు మారదు. హెడ్ దాని దగ్గరికి ఒకే ఎత్తుకు రావాలి. స్క్రీన్ మీద జెడ్ అదే ఎత్తు చూపిస్తూ, హెడ్ నిజంగా కిందికి ఉంటే చేయి హోల్డర్ గాడిలోకి సాఫీగా దూరదు, తగులుతుంది. మీ టచ్ ఆఫ్‌సెట్‌లు రోజూ జాబ్‌ని కాపాడుతున్నాయి, ఏటీసీని ఎవరు కాపాడతారు? నాకు ఇది టూల్ తప్పు కాదనిపిస్తోంది.

ఆఫ్‌సెట్‌లు ఎక్కడైనా రాసి పెట్టారా? హోల్డర్‌లోంచి అసలు తీయని టూల్ ఏదైనా ఉంటే దాని ఆఫ్‌సెట్ మూడు వారాల వెనకది, ఇప్పటిది చూడు.

బాలానగర్_సెట్టర్
ఇవాళ పొద్దున టచ్ తీసుకోకుండా కొట్టాం. 18.13. నిన్న సాయంత్రం 18.14. రాత్రంతా చల్లారినా వెనక్కి రాలేదు.

తాత గారు అడిగింది కూడా చూశాను. ఆ కుర్రాడు ప్రతిరోజూ టచ్ తీసుకున్న విలువలు చిన్న నోటు పుస్తకంలో తేదీతో సహా రాశాడు. నాకే తెలియదు. ఫేస్ మిల్ ఇన్సర్ట్ టైపు, దాన్ని హోల్డర్‌లోంచి ఎప్పుడూ తీయలేదు, ఈ మూడు వారాల్లో ఇన్సర్ట్‌లూ మార్చలేదు. మూడు వారాల క్రితం దాని ఆఫ్‌సెట్ హెచ్1 -312.400. ఇవాళ -311.310. అంటే 1.09 పైకి ఎత్తుకుంటూ వచ్చాం. మొదటి వారం రోజుకి 0.02, 0.03. ఈ వారం 0.13. డ్రిల్లూ, ఎండ్ మిల్లూ, ట్యాపూ అన్నిట్లోనూ రోజువారీ తేడా దాదాపు ఇంతే.

ఆ పుస్తకం చూస్తుంటే కళ్లు చెమర్చాయి. జీతం కోసినా ఒక్క రోజు కూడా రాయడం మానలేదు వాడు.

ఆటోనగర్_రాజు
అయితే నా కాలెట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కట్టర్ జారితే ఒక్క టూల్‌లోనే కనిపించాలి. ఆ తమ్ముడికి నా తరఫున షేక్‌హ్యాండ్ ఇవ్వండి.

వైజాగ్_ఫిట్టర్
నేనూ ఓడిపోయాను. వేడి 1.09 ఇవ్వదు, రాత్రికి రాత్రి తిరిగి రాకుండానూ ఉండదు.

సర్వో_సుధ
అన్ని టూల్సూ ఒకేలా, ఎప్పుడూ కిందికే, వెనక్కి రాదు, అలారం లేదు. మోటారుకీ స్క్రూకీ మధ్య జారుతోంది. కప్లింగ్ చూడండి. స్క్రూ పైన థ్రస్ట్ బేరింగ్ లాక్ నట్ సడలినా హెడ్ దిగుతుంది, కానీ అది ఒక హద్దు దాకా దిగి ఆనుకుంటుంది, హెడ్‌ని కింద నుంచి పైకి ఎత్తితే డయల్‌లో ఆట కనిపిస్తుంది. కప్లింగ్ జారుడుకి హద్దు లేదు.

ప్రోగ్రామర్_కిట్టు
ఇది క్లోజ్‌డ్ లూప్ కదా మేడం. హెడ్ 1 మి.మీ. కిందికి వస్తే సర్వోకి తెలియదా? 411 అలారం రావాలి కదా? లేకపోతే ఒకసారి హోమ్ కొడితే సరిపోదా?

సర్వో_సుధ
ఎన్‌కోడర్ ఎక్కడుంది? మోటారు వెనక. అది లెక్కపెట్టేది మోటారు షాఫ్ట్‌ని. సైకిల్‌కి పెడల్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతున్నాం, గొలుసు పళ్లు దాటుతోందో లేదో చూడట్లేదు. పెడల్ లెక్క పక్కాగా ఉంటుంది, సైకిల్ ఎక్కడుందో వేరే కథ. 411 వచ్చేది మోటారు తనకు చెప్పిన చోటికి చేరలేకపోతే, అంటే తేడా 1828 పారామీటర్‌లో పెట్టిన హద్దు దాటితే. ఇక్కడ మోటారు చక్కగా చేరుతోంది. జెడ్ గైడ్ పక్కన లీనియర్ స్కేల్ (హెడ్ ఎక్కడుందో నేరుగా కొలిచేది) ఉన్న మెషిన్ అయితే వెంటనే పట్టేసేది.

హోమ్ సంగతీ అంతే. ఈ మెషిన్‌లో అబ్సల్యూట్ ఎన్‌కోడర్ అయితే హోమ్ అంటే గుర్తుపెట్టుకున్న అంకె దగ్గరికి పోవడమే. పాతకాలం స్విచ్ ఉన్న మెషిన్‌లోనూ చివరి గుర్తు మోటారు ఎన్‌కోడర్‌లోదే, రౌండుకి ఒకసారి వచ్చేది. కప్లింగ్ జారితే దాంతోపాటు హోమ్ కూడా జారుతుంది. చెక్క రౌటర్‌లో స్టెప్పులు పోతే హోమ్ కొట్టగానే సరవుతుంది, ఎందుకంటే స్విచ్ హెడ్‌కే ఉంటుంది, మోటారుకి కాదు. ఇది తెలిస్తే రెండు జబ్బుల్నీ ఐదు నిమిషాల్లో విడదీయొచ్చు.

ప్రోగ్రామర్_కిట్టు
ఇన్నేళ్లు ఎవరూ ఇలా చెప్పలేదు. 1851 మాట మర్చిపోండి.

బాలానగర్_సెట్టర్
మోటారు బ్రాకెట్ పక్కన చిన్న కవర్ ఉంది, విప్పితే కప్లింగ్ కనిపిస్తుంది. రేపు విప్పి బోల్టులు బిగించేస్తాను.

టూల్‌రూమ్_తాత
ఆగు బాబూ. ఆగు. బిగించకు, అసలు ఆలెన్ కీ పెట్టకు. ముందు ఇది చదువు.

జెడ్ బ్రేక్ మోటారు లోపల ఉంటుంది. అది పట్టుకునేది మోటారు షాఫ్ట్‌ని. కప్లింగ్ విప్పావంటే మోటారుకీ స్క్రూకీ సంబంధం తెగిపోయింది, బ్రేక్ ఉన్నా లేనట్టే. బాల్ స్క్రూ ఎంత సులువుగా తిరుగుతుందో నీకు తెలుసు. స్పిండిల్ మోటారుతో కలిపి అంత హెడ్డు ఒక్కసారిగా దిగుతుంది. నేను పనిచేసిన ఒక షాపులో నా పక్కవాడు అలాగే విప్పాడు. కింద వైస్ మీద చేయి ఉంది. మూడు వేళ్లు పోయాయి. బ్రేక్ ఉందిగా అని అందరం అనుకున్నాం, నేను కూడా.

హెడ్‌ని కిందికి తెచ్చి, టేబుల్ మీద గట్టి చెక్క దిమ్మె పెట్టి, స్పిండిల్ ముక్కు మీద కాకుండా హెడ్ కాస్టింగ్ కింద ఆనించు. హెడ్ దాని మీద కూర్చున్నాక మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి, తాళం చెవి నీ జేబులో పెట్టుకో. ఆ తర్వాతే ఏదైనా.

ఆటోనగర్_రాజు
మేం బ్రేక్ మీదే వదిలేసి చాలాసార్లు మోటారు విప్పాం, ఏమీ కాలేదు.

టూల్‌రూమ్_తాత
కొన్ని మెషిన్లకు కౌంటర్ వెయిట్ ఉంటుంది రాజూ, గొలుసుతో వెనక బరువు వేలాడుతుంది, హెడ్డు ఆగుతుంది. నీవి అలాంటివేమో. ఇతని మెషిన్‌కి అది ఉందో లేదో మనకు తెలియదు. ఇకనుంచి నువ్వూ దిమ్మె పెట్టు, నా మాట విను.

ఆటోనగర్_రాజు
సరే బాబాయ్. మావాటికి కౌంటర్ వెయిట్ ఉన్నమాట నిజమే. దిమ్మె పెడతాను.

సర్వో_సుధ
తాత గారు చెప్పిన ప్రతి మాటా పాటించండి. ఇంకొకటి, విప్పకముందే రుజువు తీసుకోండి. కప్లింగ్‌నీ షాఫ్ట్‌నీ థిన్నర్‌తో తుడిచి, మోటారు షాఫ్ట్ నుంచి కప్లింగ్ మీదుగా స్క్రూ షాఫ్ట్ దాకా పెయింట్ మార్కర్‌తో ఒకే తిన్నని గీత గీయండి. ఫోటో తీయండి. ఒక షిఫ్ట్ నడిపి మళ్లీ ఫోటో తీయండి. పిచ్ 10 కాబట్టి 0.1 జారితే 3.6 డిగ్రీలు. షాఫ్ట్ 24 డయా అయితే చుట్టుకొలత 75, గీత ముప్పావు మిల్లీమీటరు పక్కకు పోతుంది. కంటికి కనిపిస్తుంది. మీ ఓనర్‌కీ కనిపిస్తుంది.

గీత గీసేటప్పుడు కూడా మెషిన్ ఆఫ్ చేసి, హెడ్ దిమ్మె మీదే ఉండాలి. రన్నింగ్‌లో కవర్ మూసి పెట్టండి.

ఐటీఐ_కుర్రాడు
నేను సీఐటీడీ (టూల్ డిజైన్ నేర్పే ఇన్‌స్టిట్యూట్)లో డిప్లొమా చేస్తున్నాను అన్నా, బాలానగరే. ఆదివారం వచ్చి చూడొచ్చా?

బాలానగర్_సెట్టర్
రా తమ్ముడూ. సేఫ్టీ షూ వేసుకుని రా.

ఖమ్మం_చెక్కడం
సుధ మేడం, 'యాక్టివ్ లో (low)'కి మార్చాను. 200 సార్లు తిప్పాను, డయల్ కదల్లేదు. పాత సెట్టింగ్‌లో అదే ప్రోగ్రామ్‌కి 0.6 పైన తప్పింది. నాలుగు నెలలుగా ఎన్ని టేకు పలకలు పాడుచేశానో. ఈ నెమళ్లు మీ పేరు మీదే.

సర్వో_సుధ
చాలా సంతోషం! పలక పూర్తయ్యాక ఫోటో పెట్టండి.

బాలానగర్_సెట్టర్
గీత కదిలింది.

నిన్న దిమ్మె పెట్టి, తాళం వేసి, గీత గీశాం. ఇవాళ షిఫ్ట్ అయ్యాక అద్దం పెట్టి చూశాం. కప్లింగ్‌కీ స్క్రూకీ మధ్య గీత తిన్నగానే ఉంది. మోటారు షాఫ్ట్‌కీ కప్లింగ్‌కీ మధ్య మాత్రం దాదాపు 1 మి.మీ. విడిపోయింది. షాఫ్ట్ 24 డయానే. సుధ గారి లెక్క ప్రకారం 0.13. జాబ్‌లోనూ సరిగ్గా 0.13. ఓనర్‌ని పిలిచి టార్చి వేసి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మిషిగన్_మెషినిస్ట్
ఇంత శుభ్రమైన రుజువు ఎక్కడా చూడలేదు. మోటారు, ఎన్‌కోడర్ మార్చమన్న మనిషికి ఆ ఫోటో పంపండి, తర్వాతి షాపులో అయినా ముందు గీత గీస్తాడు.

సర్వో_సుధ
ఇప్పుడు రెండో ప్రశ్న. తొమ్మిదేళ్లు జారనిది ఇప్పుడెందుకు జారింది? బోల్టులు బిగించి వదిలేస్తే మళ్లీ వస్తుంది. జెడ్ రాపిడ్‌లో (పూర్తి వేగంతో) పైకి వెళ్లేటప్పుడు లోడ్ మీటర్ (మోటారు ఎంత గట్టిగా లాగుతోందో చూపేది) ఎంత చూపిస్తోంది?

బాలానగర్_సెట్టర్
78 శాతం దాకా పోతోంది. ముందు ఎంత ఉండేదో రాసుకోలేదు. అంత ఉండేది కాదని మాత్రం తెలుసు.

వైజాగ్_ఫిట్టర్
ఈసారైనా నా మాట నిజమవ్వాలి. లూబ్ (కందెన ఆయిల్) చూడండి. ట్యాంకులో ఆయిల్ దిగుతోందా? జెడ్ గైడ్ (హెడ్ జారే పట్టా) మీద వేలితో రుద్ది చూడండి, తడి ఉందా?

బాలానగర్_సెట్టర్
ఫిట్టర్ గారూ, మీ నోటికి చక్కెర పొయ్యాలి. జెడ్ గైడ్‌లు పొడిగా ఉన్నాయి. ఎక్స్, వై తడిగానే ఉన్నాయి. పంపు తిరుగుతోంది, ప్రెషర్ వస్తోంది, కానీ జెడ్‌కి వెళ్లే మీటరింగ్ వాల్వ్ పూర్తిగా మూసుకుపోయింది. విప్పితే లోపల జిగురులాంటి మడ్డి. ట్యాంకులో వే ఆయిల్ 68 (గైడ్‌లకు వాడే ఆయిల్) పోయాలి. ఎప్పుడో హైడ్రాలిక్ ఆయిల్ పోసి, తర్వాత దాని మీదే వే ఆయిల్ పోశారట. ట్యాంకు కూడా ఖాళీ చేసి కడిగించాను.

వైజాగ్_ఫిట్టర్
హమ్మయ్య. రెండింట్లో ఒకటి.

సర్వో_సుధ
గైడ్ ఎండిపోయి రాపిడి పెరిగింది, మోటారు గట్టిగా లాగాల్సి వచ్చింది, ఆ టార్క్ కప్లింగ్ పట్టును దాటింది. ఒకసారి జారడం మొదలైతే లోపలి ముఖాలు అరిగి పట్టు ఇంకా తగ్గుతుంది. అందుకే మొదటి వారం 0.02, ఈ వారం 0.13.

కప్లింగ్ తీసినప్పుడు టేపర్ రింగులు ఎలా ఉన్నాయో చూడండి. ఎర్రటి పొడి ఉంటే అది జారిన గుర్తు. గ్రీజు గానీ ఆయిల్ గానీ ఉంటే పూర్తిగా తుడవాలి, ఆ ముఖాల మధ్య పట్టే పని చేసేది. గీతలు పడి ఉంటే మళ్లీ వాడొద్దు. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, కప్లింగ్ మీద రాసిన టార్క్‌కి టార్క్ రెంచ్‌తో. చేతి అంచనా వద్దు.

బాలానగర్_సెట్టర్
ఎర్ర పొడి గుప్పెడు వచ్చింది. రింగుల మీద పాత గ్రీజు కూడా ఉంది. రెండేళ్ల క్రితం బేరింగ్ మార్చినప్పుడు ఎవరో పూసి ఉంటారు. మోటారు షాఫ్ట్ మీద చిన్న మరకలు, లోతు లేదు, ఆయిల్ స్టోన్‌తో తేలిగ్గా తీశాం. కొత్త కప్లింగ్ వేశాం. ఐటీఐ తమ్ముడు ఆదివారం పొద్దున ఏడింటికే వచ్చాడు, టార్క్ రెంచ్ వాడితోనే తిప్పించాను.

టూల్‌రూమ్_తాత
రిఫరెన్స్ మళ్లీ సెట్ చేశావా? కప్లింగ్ విప్పాక పాత హోమ్ పనికిరాదు. ముందు ఏటీసీ ఎత్తు సరిచూడు, ఆ తర్వాతే టూల్ మార్చనివ్వు.

బాలానగర్_సెట్టర్
చేశాను తాత గారూ. హెడ్‌ని ఏటీసీ చేతికి సరిపడే ఎత్తుకు హ్యాండ్‌వీల్‌తో తెచ్చి, గాడిలో రెండు వైపులా ఖాళీ సమానంగా ఉందో ఫీలర్ గేజ్‌తో చూసి, 1815 పారామీటర్‌లో జెడ్ రిఫరెన్స్ మళ్లీ పెట్టాం. రెండో రిఫరెన్స్ 1241 పారామీటర్‌లో సరిచూశాం. మొదటి పది టూల్ చేంజ్‌లు తక్కువ స్పీడులో. టక్ శబ్దం పోయింది. పాత ఆఫ్‌సెట్‌లన్నీ చెరిపి కొత్తగా టచ్ తీసుకున్నాం.

తర్వాత 200 సార్లు జెడ్ పైకీ కిందికీ రాపిడ్‌లో తిప్పి డయల్ చూశాం, 0.005 లోపు తిరిగి వచ్చింది. లోడ్ 78 నుంచి 46కి దిగింది. ఇవాళ షిఫ్ట్‌లో మొదటి పీస్ 18.01, చివరిది 18.03.

వైజాగ్_ఫిట్టర్
ఆ 0.02 నాది. అది వేడే.

సర్వో_సుధ
అది మీదే ఫిట్టర్ గారూ, కాదనను. పొద్దున ఇరవై నిమిషాలు స్పిండిల్ తిప్పి, జెడ్ పూర్తి ట్రావెల్ ఆడించి, ఆ తర్వాత టచ్ తీసుకుంటే అదీ తగ్గుతుంది.

ఆటోనగర్_రాజు
మరి ఆ కుర్రాడి జీతం?

బాలానగర్_సెట్టర్
నిన్న ఓనర్ దగ్గరికి ఆ నోటు పుస్తకం, రెండు ఫోటోలు పట్టుకుని వెళ్లాను. కోసిన డబ్బు మొత్తం తిరిగి ఇచ్చారు, షాపులో అందరి ముందూ. వాడు డబ్బు జేబులో పెట్టుకుని నేరుగా మెషిన్ దగ్గరికి వెళ్లి లోడ్ మీటర్ రీడింగ్ పుస్తకంలో రాశాడు. నేను చెప్పలేదు.

ఐటీఐ_కుర్రాడు
ఆ గీత చెరపలేదు కదా అన్నా?

బాలానగర్_సెట్టర్
లేదు. కొత్త కప్లింగ్ మీదా గీశాం, ఎర్ర పెయింట్‌తో. నెలకోసారి దిమ్మె పెట్టి కవర్ విప్పి ఫోటో తీస్తాం. మొదటి ఫోటో తీసే వంతు నీదే, వచ్చే నెల మొదటి ఆదివారం.